పోరాట సమతూకం: రోల్ ప్లేయింగ్ ఆటల నుంచి కృష్ణానగర్ ఫైట్ల దాకా

బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఫాంటసీ రోల్ ప్లేయింగ్ ఆటల్లో ఆటగాళ్ల పాత్రలకు ఎదురయ్యే శత్రువుల బలాన్ని ముందే అంచనా కట్టి, పోరు ఎంత కష్టంగా ఉండాలో నిర్ణయించే పద్ధతిని పోరాట సమతూకం అంటారు. ఈ ఆటల్లో సాధారణంగా ముగ్గురి నుంచి ఆరుగురి దాకా ఆటగాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. మరొకరు కథ నడుపుతూ శత్రువులందరి తరఫునా తానే ఆడతారు. ఆ వ్యక్తిని డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో డంజన్ మాస్టర్ అనీ, తక్కిన ఆటల్లో ఎక్కువగా గేమ్ మాస్టర్ అనీ పిలుస్తారు. మాస్టర్ ఎంతమంది శత్రువులనైనా దింపగలడు కాబట్టి జట్టును ఓడించడం అతనికి చిటికెలో పని. ఓడిపోతామేమోనన్న భయం నిజంగా కలిగేలా, తెలివిగా ఆడితే గెలిచేలా పోరును అమర్చడంలోనే అతని నేర్పు ఉంది.

సమతూకం అన్నంత మాత్రాన ఇరుపక్షాలకూ సరిసమానమైన బలం ఇవ్వరు. బలాలు నిజంగా సమానమైతే ప్రతి పోరులోనూ జట్టు గెలిచే అవకాశం సగమే. పది పోరాటాలున్న కథను అలా నడిపితే 1,024 జట్లలో ఒక్కటి చివరిదాకా మిగులుతుంది. అందుకే నియమాల పుస్తకాలు తూకాన్ని ముందుగానే ఆటగాళ్ల వైపు మొగ్గేలా పెడతాయి. ఎంత మొగ్గాలి, దాన్ని దేనితో కొలవాలి అన్నదే యాభై ఏళ్లుగా ఈ ఆటలు రాసేవాళ్లను వేధిస్తున్న ప్రశ్న.

యోధుడికి అంకె వేయడం

వీరుల బలాన్ని లెక్కకట్టే అలవాటు తెలుగు పాఠకులకు భారతం నుంచే తెలుసు. ఉద్యోగపర్వంలో భీష్ముడు దుర్యోధనుడికి ఇరుపక్షాల యోధులనూ వరసపెట్టి ఎవరు రథికులో, ఎవరు అతిరథులో, ఎవరు మహారథులో చెబుతాడు. కర్ణుణ్ని అర్ధరథుడని తీసిపారేస్తాడు. ద్రోణుడూ ఆ మాటే బలపరుస్తాడు. కర్ణుడు అలిగి, భీష్ముడు ఉన్నంతకాలం యుద్ధానికి దిగనని ప్రతిజ్ఞ చేస్తాడు. రేటింగ్ గొడవ ఒక పక్షానికి మేటి విలుకాణ్ని పది రోజులపాటు దూరం చేసింది. మొత్తం బలం లెక్క కూడా ఫలితాన్ని చెప్పలేకపోయింది. పదకొండు అక్షౌహిణులు ఓడాయి, ఏడు గెలిచాయి.

ఆధునిక ఆటల్లో ఈ లెక్క సైనిక బొమ్మల యుద్ధక్రీడల నుంచి వచ్చింది. గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి రాసిన చైన్‌మెయిల్ నియమావళి 1971లో అచ్చయింది. దాని ఫాంటసీ అనుబంధంలో ‘హీరో’ నలుగురు సైనికుల పెట్టు, ‘సూపర్‌హీరో’ ఎనిమిది మంది పెట్టు. గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఇవే నాలుగో లెవెల్ (పాత్ర అనుభవంతో ఎక్కే మెట్టు), ఎనిమిదో లెవెల్ యోధుల బిరుదులయ్యాయి. ఆ తొలి ఆటలో సమతూకం భారం చాలావరకు ఆటగాళ్లదే. నేలమాళిగలో కిందికి దిగేకొద్దీ ఇంకా బలమైన జంతువులు, భూతాలు వస్తాయి. ఎంత లోతుకు దిగాలో జట్టే తేల్చుకోవాలి. 1975లో కెన్ సెయింట్ ఆండ్రే రాసిన టనల్స్ అండ్ ట్రోల్స్ ఇంకా సులువైన దారి పట్టింది. ఒక్కో రాక్షసుడికి మాన్‌స్టర్ రేటింగ్ అనే ఒకే అంకె ఇచ్చి ఊరుకుంది.

చాలెంజ్ రేటింగ్, బడ్జెట్

డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ 2000లో వచ్చాక లెక్కకు కచ్చితమైన రూపం ఏర్పడింది. అందులో ప్రతి శత్రువుకూ ఒక చాలెంజ్ రేటింగ్ ఉంటుంది. నలుగురున్న జట్టు లెవెల్‌తో ఆ రేటింగ్ సమానమైతే, పోరు ముగిసేసరికి జట్టు తన మంత్రాలు, మందులు, హిట్ పాయింట్లలో (పాత్ర ఎంత నష్టం తట్టుకోగలదో చెప్పే అంకె) సుమారు 20 శాతం ఖర్చుపెట్టాల్సి వస్తుందని పుస్తకం చెప్పింది. కష్టాన్ని చావుతో కాకుండా ఖర్చుతో కొలవడం ఇక్కడి మార్పు.

2008 నాటి నాలుగో ఎడిషన్ దీన్ని బడ్జెట్‌గా మార్చింది. ఆటగాడికో మామూలు శత్రువు లెక్కన కేటాయించి, ఆ మొత్తంతో మాస్టర్ తనకు కావలసిన మూకను ‘కొనుక్కోవాలి’. ఎలీట్ శత్రువు ఇద్దరి ఖరీదు, సోలో అయిదుగురి ఖరీదు. ఒక్క హిట్ పాయింటుతో పుట్టి ఒక్క దెబ్బకు పోయే మినియన్లు నలుగురు కలిస్తే ఒక మామూలు శత్రువు. 2014 నాటి అయిదో ఎడిషన్ పోరాటాలను తేలిక, మధ్యస్థం, కఠినం, ప్రాణాంతకం అని నాలుగు మెట్లుగా విడదీసింది. 2024లో సవరించిన నియమాలు వాటిని మూడుకు కుదించాయి.

పేరున్న మరో ఆట పాత్‌ఫైండర్. 2019లో వచ్చిన దాని రెండో ఎడిషన్ లెక్క మరీ తేలిక. నలుగురి జట్టుకు మధ్యస్థమైన పోరు 80 పాయింట్లు, తీవ్రమైనది 120, అతి తీవ్రమైనది 160. జట్టు లెవెల్‌కు సమానమైన శత్రువు విలువ 40. రెండు లెవెళ్లు పైనున్నవాడు 80, నాలుగు పైనున్నవాడు 160. అంటే రెండు లెవెళ్లు పెరిగిన ప్రతిసారీ శత్రువు విలువ రెట్టింపవుతుంది.

ఓగర్ ఒకటి, గోబ్లిన్లు ఎనిమిది

2014 అంకెలతోనే ఒక పోరును దగ్గరగా చూడవచ్చు. మూడో లెవెల్ పాత్రలు నలుగురున్న జట్టుకు తేలిక పోరు 300 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) దగ్గర మొదలవుతుంది. మధ్యస్థం 600, కఠినం 900, ప్రాణాంతకం 1,600 దగ్గర మొదలవుతాయి. ఓగర్ అనే భారీ నరభక్షకుడి చాలెంజ్ రేటింగ్ 2, విలువ 450 ఎక్స్‌పీ. గోబ్లిన్ అనే పొట్టి దొంగ రేటింగ్ 1/4, విలువ 50. ఎనిమిది గోబ్లిన్లు కలిపితే 400. కాగితం మీద ఓగరే పెద్ద.

ఓగర్‌కు 59 హిట్ పాయింట్లు, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే పాచిక మొత్తం చేరవలసిన అంకె) 11. జట్టులో ప్రతివాడూ 20 ముఖాల పాచిక మీద 5 కలుపుకుంటూ, తగిలినప్పుడు సగటున 7.5 నష్టం చేస్తాడనుకుందాం. నూటికి 75 దెబ్బలు తగులుతాయి. నలుగురూ కలిసి రౌండుకు, అంటే అందరికీ తలా ఒక వంతు వచ్చేసరికి, సుమారు 22 పాయింట్లు లాగేస్తారు. మూడో రౌండులో ఓగర్ నేలకూలుతుంది. ఆలోగా అది కొట్టేది రెండు మూడు దెబ్బలు. ఆర్మర్ క్లాస్ 16 ఉన్న యోధుడి మీద దాని దెబ్బ నూటికి 55 సార్లు తగిలి సగటున 13 తీస్తుంది. మొత్తం మీద జట్టు పోగొట్టుకునేది 14 నుంచి 21 హిట్ పాయింట్లు. మూడో లెవెల్ యోధుడు ఒక్కడికే దాదాపు 28 ఉంటాయి.

ఇప్పుడు గోబ్లిన్ల సంగతి. రౌండుకు ఇద్దరు చొప్పున చస్తారనుకుంటే, ముందు వంతు వాళ్లదైతే మొదటి రౌండులో ఎనిమిది దెబ్బలు, తర్వాత ఆరు, నాలుగు, రెండు, వెరసి ఇరవై దెబ్బలు. ముందు వంతు జట్టుదైతే పన్నెండు. ఒక్కో దెబ్బకు సగటు నష్టం సుమారు 2.5. కాబట్టి జట్టు 30 నుంచి 50 హిట్ పాయింట్లు పోగొట్టుకుంటుంది. ఓగర్ కన్నా తక్కువ విలువున్న మూక దానికి రెట్టింపుకు మించి నష్టం చేసింది. పుస్తకం ఈ తేడాను ఒక గుణకంతో సరిచేస్తుంది. శత్రువులు ముగ్గురి నుంచి ఆరుగురి దాకా ఉంటే విలువను రెండుతో, ఏడు నుంచి పది దాకా ఉంటే రెండున్నరతో హెచ్చించాలి. అలా చూస్తే ఎనిమిది గోబ్లిన్లు 1,000 ఎక్స్‌పీ, అంటే కఠినమైన పోరు. ఓగర్ తేలిక మెట్టులోనే ఉండిపోతుంది. 2024 సవరణలో ఈ గుణకాన్ని తీసేశారు. గుంపుల విషయంలో జాగ్రత్త ఇప్పుడు మాస్టర్ మీదే పడింది.

వంతుల లెక్క

గుంపు బలం మనుషుల లెక్క కన్నా వేగంగా పెరగడానికి కారణాన్ని ఇంగ్లండు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1916లో చెప్పాడు. దూరం నుంచి కాల్చుకునే సేనల్లో బలం సంఖ్య వర్గంతో పెరుగుతుందని ఆయన సూత్రం. రెట్టింపు మందిని ఎదుర్కోవాలంటే ఒక్కొక్కడూ నాలుగింతలు మెరుగ్గా పోరాడాలి. ఆటగాళ్ల భాషలో దీన్ని యాక్షన్ ఎకానమీ అంటారు. ఏ పక్షానికి ఎక్కువ వంతులు వస్తే ఆ పక్షానిదే పైచేయి. పదమూడో రోజు పద్మవ్యూహంలో అభిమన్యుడికి జరిగింది ఇదే. లోపల ఏ ఒక్కరికీ అతను తీసిపోలేదు. వెనక రావలసిన పాండవులను సైంధవుడు అడ్డుకోవడంతో ఒక్కడి వంతుకు ఆరుగురి వంతులు బదులొచ్చాయి.

ఒంటరిగా వచ్చే మహాశత్రువు చప్పగా ఓడిపోవడానికి కూడా ఇదే కారణం. అందుకే అయిదో ఎడిషన్‌లో పెద్ద డ్రాగన్లకు లెజెండరీ యాక్షన్లు పెట్టారు. ఆటగాడి వంతు అయిన వెంటనే మధ్యలో దూరి కొట్టే వీలు వాటికి రౌండుకు మూడుసార్లు ఉంటుంది. మంత్రాల వైపు నుంచి లెక్క మళ్లీ తిరగబడుతుంది. అయిదో లెవెల్ మంత్రగాడి ఫైర్‌బాల్ సగటున 28 నష్టం చేస్తుంది, తప్పించుకున్నవాడికీ సగం తగులుతుంది. ఏడు హిట్ పాయింట్ల గోబ్లిన్లు గుమికూడి ఉంటే ఒక్క వంతులో బూడిదే. మూడో లెవెల్ జట్టును చెమటలు పట్టించిన మూక రెండు లెవెళ్ల తర్వాత కాలక్షేపంగా మిగులుతుంది.

కృష్ణానగర్ ఫైట్లు

వంతుల లెక్కను వృత్తిగా చేసుకున్న సినిమా ఫైటర్లు, ఫైట్ మాస్టర్లు తెలుగునాట ఉన్నారు. వాళ్ల చిరునామా చాలాకాలంగా హైదరాబాద్‌లోని కృష్ణానగర్. అమీర్‌పేటలోని సారథి స్టూడియోస్, 1976లో అక్కినేని నాగేశ్వరరావు కట్టిన అన్నపూర్ణ స్టూడియోస్ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చేకొద్దీ జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, లైట్‌మన్లు, ఫైటర్లు ఇక్కడి అద్దె గదుల్లో స్థిరపడ్డారు. పూరి జగన్నాథ్ తీసిన ‘నేనింతే’ (2008) ఈ బతుకుల చుట్టూ అల్లిన కథ.

సినిమా ఫైటులో హీరో ఒక్కడు, ఎదుట ఇరవై ముప్పై మంది. వాళ్లందరూ ఒకేసారి మీద పడితే అభిమన్యుడి కథే అవుతుంది. కాబట్టి ఫైట్ మాస్టర్ కంపోజ్ చేసేటప్పుడు ముందు చూసేది వరస. ఎవడు ముందు వస్తాడు, ఎవడు ఆ సమయంలో చుట్టూ తిరుగుతూ కర్ర ఊపుతుంటాడు, ఎవడు వెనక నుంచి పట్టుకుంటాడు, ఎవడు రోప్ మీద ఎగిరి లారీ అద్దానికి కొట్టుకుంటాడు అన్నది షాట్ షాట్‌కూ తేల్చుకుంటారు. ఫైటర్ పనితనం కొట్టడంలో కన్నా రియాక్షన్ ఇవ్వడంలో తెలుస్తుంది. హీరో పిడికిలి ముఖానికి జానెడు దూరంలో ఆగుతుంది. దెబ్బ బరువు ఎంతో ప్రేక్షకుడికి చెప్పేది కిందపడే మనిషి టైమింగే. ముప్పై మంది వంతులను మాస్టర్ ఒక్కో వంతుగా కుదిస్తే హీరో బలం నమ్మదగినట్టు కనిపిస్తుంది.

ఆట మాస్టర్‌కు ఈ స్వేచ్ఛ సగమే ఉంది. సినిమాలో గెలుపు స్క్రిప్టులో రాసి ఉంటుంది, బల్ల మీద పాచిక చెబుతుంది. అయినా ఫైట్ మాస్టర్ల చిట్కాలు చాలావరకు బల్ల మీదా పనికొస్తాయి. మూకను అలలుగా పంపడం వాటిలో మొదటిది. ఎనిమిది గోబ్లిన్లను ఒకేసారి దింపకుండా నలుగురిని ముందు, నలుగురిని మూడో రౌండులో దింపితే పై లెక్కలోని ఇరవై దెబ్బలు పన్నెండుకు తగ్గుతాయి. రెండోది గుంపును ఒకే శరీరంగా చూడటం. ‘ఆర్‌ఆర్‌ఆర్’లో పోలీసు అధికారి ఒక మనిషిని పట్టుకోవడానికి వేల మంది జనంలోకి దూకే ఘట్టంలో జనం ఒక్కొక్కరుగా రారు, అలలా మీద పడతారు. ఆ సినిమా ఫైట్లకు కింగ్ సాలమన్‌కు జాతీయ పురస్కారం వచ్చింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఎలుకల దండును, గబ్బిలాల దండును ఇలాగే స్వార్మ్ పేరుతో ఒకే శత్రువుగా లెక్కిస్తారు. ముప్పై పాచికలు వేసే బాధ తప్పుతుంది, గుంపు భయమూ మిగులుతుంది.

నేల, లక్ష్యం

చాలెంజ్ రేటింగ్‌లో నేల లెక్క ఉండదు. ‘మగధీర’ (2009)లో కాలభైరవుడు వందమందినీ ఒకేసారి రమ్మని సవాలు చేస్తాడు కానీ, పోరు జరిగేది ఇరుకైన దారిలో. వంద మందిలో ఒకసారి చేయి చాచగలిగేది నలుగురైదుగురే. బల్ల మీద కూడా గుమ్మంలో నిలబడ్డ యోధుడు మూకకున్న వంతుల లాభాన్ని సగానికి పైగా కోసేస్తాడు. అదే మూక చేతికి విల్లులిచ్చి గుట్ట మీద నిలబెడితే తేలిక పోరు కఠినమవుతుంది.

లక్ష్యం మారినా తూకం మారుతుంది. దీనికి మన పాత ఉదాహరణ పులిజూదం. గుళ్ల అరుగుల మీద, మండపాల రాళ్ల మీద గీతలు చెక్కుకుని ఆడిన ఈ పులి–మేక ఆటలో సాధారణంగా మూడు పులులు, పదిహేను మేకలు ఉంటాయి. పులి మేకను దూకి చంపుతుంది. మేకకు చంపే శక్తి లేదు. అది చేయగలిగిందల్లా తోటి మేకలతో కలిసి పులిని కదలకుండా కట్టేయడం. ఒక్కో కాయ బలం చూస్తే పోలికే లేదు. అయినా ఎవరి గెలుపు షరతు వాళ్లకు ఉండటం వల్ల ఆట పసగా నడుస్తుంది. రోల్ ప్లేయింగ్ ఆటల్లోనూ శత్రువును చంపడం కాకుండా వంతెన దాటడం, బందీని విడిపించడం, నాలుగు రౌండ్లు తలుపు కాయడం లాంటి లక్ష్యాలు పెడితే, లెక్కలో ‘ప్రాణాంతకం’ అని తేలిన శత్రువును కూడా జట్టు ముందు నిలబెట్టవచ్చు.

రోజంతటి ఖర్చు

ఒక పోరు కష్టం అంతకు ముందు జరిగిన పోరాటాల మీద ఆధారపడుతుంది. 2014 పుస్తకం రోజుకు ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థ లేదా కఠిన పోరాటాలను, మధ్యలో రెండు చిన్న విశ్రాంతులను ఊహించుకుని అంకెలు వేసింది. వారానికోసారి మూడు నాలుగు గంటలు కూర్చునే జట్లకు అన్ని పోరాటాలు సాగవు. రోజుకు ఒకే ఒక పోరు ఉంటే మంత్రగాళ్లు దాచుకోవలసిన అవసరం లేక ఉన్నదంతా మొదటి రౌండులోనే గుమ్మరిస్తారు, కఠినమన్న పోరు కూడా తేలిపోతుంది. తెలుగు కమర్షియల్ సినిమా ఈ సంగతి ఏనాడో కనిపెట్టింది. ఇంట్రో ఫైటులో హీరోకు చొక్కా నలగదు, ఇంటర్వెల్ ఫైటులో సొంతవాళ్లకు దెబ్బ తగులుతుంది, క్లైమాక్స్‌లో హీరో నెత్తురోడుతూ లేస్తాడు. తక్కువ పోరాటాలు పెట్టే మాస్టర్లు కూడా మెట్లను ఇలాగే పెంచుకుంటూ పోవడం మంచిది.

అంకెకు అందనివి

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో రాక్షస అనే పేరుతోనే ఒక శత్రువు ఉన్నాడు. పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు, మారువేషం అతని లక్షణాలు. మన పురాణాల కన్నా 1970ల నాటి ఒక అమెరికన్ టీవీ ధారావాహిక ప్రభావం ఇతని మీద ఎక్కువ. 2014 పుస్తకంలో ఇతని రేటింగ్ 13, హిట్ పాయింట్లు 110, ఆర్మర్ క్లాస్ 16. ఆరో స్థాయి, అంతకన్నా చిన్న మంత్రాలు అతను కోరుకుంటే తప్ప అతన్ని తాకవు. మంత్రగాళ్లే నిండిన జట్టుకు ఇతను గోడలా అడ్డు నిలుస్తాడు. మంత్రించిన బాణాలు లేదా ఈటెలు పట్టిన సద్గుణవంతుడు జట్టులో ఉంటే దెబ్బకు రెట్టింపు నష్టం. రెండు జట్లకూ పుస్తకం చూపే అంకె మాత్రం 13. ఎదుటి జట్టులో ఎవరున్నారో రేటింగ్‌కు తెలియదు. ఆటగాళ్ల అనుభవం, ఒకరితో ఒకరికి పొందిక, మాస్టర్ శత్రువులను ఎంత తెలివిగా నడుపుతాడన్నది కూడా దానికి అందవు.

పోరు నడుస్తుండగా సర్దుబాట్లు

లెక్క తప్పిందని మధ్యలో తేలితే ఏం చేయాలన్న దానిపై మాస్టర్లలో రెండు వర్గాలున్నాయి. తెర వెనక పాచిక వేసి ఫలితాన్ని కొద్దిగా మార్చడం, శత్రువు హిట్ పాయింట్లను గుట్టుగా తగ్గించడం తప్పు లేదని ఒక వర్గం అంటుంది. పాచికలు అందరి ముందూ వేయాలి, పడ్డ అంకెకు కట్టుబడాలి అన్నది రెండో వర్గం పట్టు. చావు తప్పిస్తారని ఒకసారి తెలిస్తే ఆటగాళ్లకు ఆ తర్వాత ఏ గెలుపూ రుచించదని వాళ్ల వాదన. అంకెలు ముట్టుకోకుండా సరిచేసే దారులు ఇరువర్గాలకూ ఆమోదమే. శత్రువులు పారిపోవచ్చు, లొంగిపోవచ్చు, బందీలుగా పట్టుకోజూడవచ్చు, వెనక నుంచి కొత్త మూక రావచ్చు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1981 నాటి బేసిక్ నియమాల్లో దీనికి మొరేల్ అనే పద్ధతి ఉంది. తోటివాళ్లు చస్తున్నప్పుడు మాస్టర్ రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తాడు. మొత్తం ఆ జాతి మొరేల్ అంకెను మించితే మిగిలినవాళ్లు వెన్ను చూపిస్తారు. 2013లో వచ్చిన థర్టీన్త్ ఏజ్ ఆట మరో దారి తొక్కింది. రెండో రౌండు నుంచి బల్ల మీద ఒక పాచిక పెట్టి రౌండుకొకటి చొప్పున పెంచుతూ పోతారు. ఆ అంకె ఆటగాళ్ల దాడి పాచికలకు కలుస్తుంది కాబట్టి చివరి రౌండ్లు సాగదీత లేకుండా తేలిపోతాయి.

సమతూకం వద్దనే ధోరణి

అన్ని ఆటలూ సమతూకాన్ని కోరవు. 1981 నాటి కాల్ ఆఫ్ కతుల్హులో కొన్ని శక్తులను ఎదిరించడమే తెలివితక్కువ. 1975లో ఆరిజిన్స్ సమ్మేళనంలో ఆడించి, 1978లో అచ్చువేసిన గైగాక్స్ ‘టూంబ్ ఆఫ్ హారర్స్’ ఆరితేరిన ఆటగాళ్ల పాత్రలను కూడా బలితీసుకోవడానికే కట్టిన సమాధి. పాత పద్ధతిని మళ్లీ కోరే ఓఎస్‌ఆర్ ఉద్యమం కూడా ప్రపంచం జట్టు లెవెల్‌ను చూసి తన బలాన్ని మార్చుకోకూడదంటుంది. కానీ ఈ ధోరణిలో ఒక షరతు ఉంది. ప్రమాదం ఎంతటిదో ముందే కనిపించాలి, వెనుదిరగడానికి దారి ఉండాలి. కాలిపోయిన ఊరు, గుహ ముందు ఎముకలు, పారిపోయి వస్తున్న మనుషులు, ఇవే వాళ్లకు చాలెంజ్ రేటింగ్.

అయిదో ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో ప్రచురణకర్తలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలాన్ని పేర్కొంటే ఎవరైనా వాటిని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, తెలుగులోనూ ప్రచురించవచ్చు. గోబ్లిన్ స్థానంలో మన బందిపోటును, నేలమాళిగ స్థానంలో పల్నాటి కోటను పెట్టుకునే మాస్టర్‌కు అంకెలు అందులోనే దొరుకుతాయి. శత్రువులకు ఎన్ని వంతులు ఇవ్వాలి, వాళ్లు ఏ నేల మీద నిలబడాలి, దేనికోసం పోరాడాలి అన్నవి మాత్రం తన జట్టును ఎరిగిన మాస్టరే తేల్చుకోవాలి.